హాలోవీన్ రాత్రి ఇంటి నిండా లైట్లు, తలుపు మాత్రం తీయం – మనవాళ్ళ వీధుల్లో ఇదేం పద్ధతి?

గుమ్మంలో_గుమ్మడి | ఫ్రిస్కో, టెక్సస్ | అక్టోబర్ 22, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

పోయినేడాది దీపావళి, హాలోవీన్ ఒకే రోజు పడ్డాయి, గుర్తుందిగా? 2024 అక్టోబర్ 31. మా వీధిలో 22 ఇళ్ళు, అందులో తొమ్మిది మనవాళ్ళవే. ఆ రోజు అయిదింటికల్లా లక్ష్మీపూజ కానిచ్చేసి, గుమ్మంలో ప్రమిదలు పెట్టి, గ్యారేజీ చుట్టూ సీరియల్ లైట్లు వేసి, తొమ్మిది కుటుంబాలూ ఒకే గుంపుగా ట్రిక్ ఆర్ ట్రీట్‌కి, అంటే పిల్లలు వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరిగి క్యాండీ అడగడానికి, బయల్దేరాం. పిల్లలు పదిహేడు మంది, స్ట్రోలర్లు (చంటిపిల్లల బండ్లు) మూడు. ఎనిమిదిన్నరకి సంచులు నింపుకుని ఇంటికొచ్చాం. ఎంత బాగా జరిగిందో అని వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టుకున్నాం.

నిన్న మా ఎదురింటి పెద్దావిడ మొక్కలకి నీళ్ళు పెడుతూ కనిపించారు. డెబ్బై దాటిన మనిషి, స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. ఈసారి క్యాండీ ఎంత కొంటున్నారు అని మాటవరసకి అడిగాను. "ఈసారి నేను తలుపు తీయట్లేదమ్మా" అన్నారు. ఎందుకని అడిగితే ముందు ఏమీ చెప్పలేదు. తర్వాత మెల్లగా బయటికొచ్చింది. పోయినసారి మా పదిహేడు మందికీ పెద్ద సైజు చాక్లెట్ బార్లు ఇచ్చి పంపి, నాలుగేళ్ళ మనవణ్ణి తీసుకుని ఆవిడా వీధిలోకి వెళ్ళారట. మన తొమ్మిది ఇళ్ళూ పెళ్ళివారిళ్ళలా వెలిగిపోతున్నాయి. వాడు ప్రతి ఇంటికీ మెట్లెక్కడం, బెల్లు కొట్టడం, నిలబడటం. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. అయిదో ఇంటి దగ్గర "వాళ్ళకి నా వేషం నచ్చలేదా?" అని అడిగాడట. డైనోసార్ వేషం.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇక ఈ ఏటి సంగతి. మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఇవాళ్టి నుంచి కార్తీకం. రోజూ సంధ్యవేళ గుమ్మంలో దీపం పెడతారు, మానమంటే మానరు. దీపావళికి కట్టిన లైట్లు క్రిస్మస్ దాకా విప్పే ఓపిక మా ఆయనకి లేదు. మరి 31న ఏం చేయాలి? లైట్లన్నీ ఆర్పేసి వెళ్ళాలా? ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలంటే నేనా, ఆయనా అని ఇప్పటికే గొడవ. ఇంకో చిక్కు, అత్తగారు సున్నుండలు చేసి వచ్చిన పిల్లలకి పంచుతానంటున్నారు. వద్దని ఎలా చెప్పేది?

ఉల్లిపాయ_పకోడి | ప్లేనో, టెక్సస్ | అక్టోబర్ 22, రాత్రి 10.05

సున్నుండలు మా ఇంటికి పంపించండి, సమస్య తీరిపోతుంది.

మా ఇంట్లో ఎవరుండాలనేది టాస్ వేసి తేలుస్తాం. ఆరేళ్ళుగా టాస్ నేనే ఓడిపోతున్నాను. నాణెం మా ఆవిడది.

ఒహాయో_అక్క | కొలంబస్ దగ్గర | అక్టోబర్ 22, రాత్రి 11.30

గుమ్మడి గారూ, ఆవిడ మీకు మొహం మీద చెప్పారు చూడండి, అది మంచి ఇరుగుపొరుగు లక్షణం. చాలామంది చెప్పరు, కమ్యూనిటీ గ్రూపులో పేరు రాయకుండా ఒక పోస్టు పడేస్తారు. మనం చదివి "మన గురించేనా?" అని గింజుకోవాలి.

నేను ఈ దేశానికి వచ్చి 19 ఏళ్ళు. ఈ పండగకి రాసిపెట్టిన రూలు ఎక్కడా లేదు గానీ, అందరికీ తెలిసిన భాష ఒకటుంది. అది పోర్చ్ లైటు, అంటే గుమ్మం ముందు లైటు. లైటు వెలుగుతుంటే "రండి, మా దగ్గర క్యాండీ ఉంది" అని. ఆరిపోయి ఉంటే "మమ్మల్ని వదిలేయండి" అని. ఆర్పేసుకున్నవాళ్ళని ఎవరూ తప్పుపట్టరు. ఒంట్లో బాగాలేకపోవచ్చు, ఇష్టం లేకపోవచ్చు, క్యాండీ అయిపోయి ఉండొచ్చు. ఆ పిల్లాడు నొచ్చుకున్నది మీరు ఇవ్వలేదని కాదండీ, రమ్మని పిలిచి తలుపు తీయలేదని. దీపావళి దీపం మనకి లక్ష్మీదేవిని పిలవడం. ఆ రాత్రి వీధిలో పిల్లలకి మాత్రం అది క్యాండీ బోర్డు.

కాబట్టి ఇంట్లో ఎవరూ ఉండకపోతే సీరియల్ లైట్లతో సహా అన్నీ ఆర్పేయండి. టైమర్ మీద ఉంటే టైమర్ కూడా తీసేయండి, మా తమ్ముడి ఇంట్లో అదే మర్చిపోయారు. ఎవరైనా ఉంటే ఇంకా మంచిది.

గుమ్మంలో ప్రమిద మాత్రం ఆ ఒక్క రోజూ వద్దు. పిల్లల వేషాలన్నీ సన్నటి నైలాన్ గుడ్డ, వెనక వేలాడే కేపులు, నేల ఊడ్చే గౌన్లు. దీపం పక్క నుంచి పదిమంది తోసుకుంటూ వెళ్తుంటే మీకు గుండె దడ. తులసికోట వెనక పెరట్లో ఉంటే అక్కడ పెట్టమనండి. గుమ్మంలో బ్యాటరీ దీపం.

ఇంకోటి, మీ పదిహేడు మంది గుంపు. నలుగురైదుగురు పిల్లలైతే తలుపు తీసిన మనిషి ఒక్కొక్కరి వేషం చూసి "నువ్వెవరు? అబ్బో సింహానివా!" అని ముచ్చటపడతారు. పదిహేడు మంది ఒక్కసారి వస్తే అది రేషన్ షాపు క్యూ. మూడు జట్లుగా విడిపోండి.

మా వైపు అయితే తారీఖు, టైమూ ఊరే ప్రకటిస్తుంది. బెగ్గర్స్ నైట్ అంటారు ఇక్కడ, చాలా ఊళ్ళలో ఆరు నుంచి ఎనిమిది. ఎనిమిదికి లైటు ఆర్పేస్తే అంతే, ఇక ఎవరూ రారు. మీ టెక్సస్‌లో ఆ సుఖం లేదనుకుంటా.

నిజం_చేదు | అక్టోబర్ 23, ఉదయం 6.50

అసలు ఈ దెయ్యాల పండగ మనకెందుకు? కార్తీక మాసంలో శివుడి గుడికి వెళ్ళాల్సిన పిల్లలకి పుర్రెల బొమ్మ చొక్కాలు తొడిగి ఇల్లిల్లూ అడుక్కోవడానికి పంపించడం. పైగా దాని మర్యాదల మీద చర్చ. ఇండియాలో మన పిల్లలు ఇలా అడుక్కుంటే ఊరుకుంటామా?

ఉల్లిపాయ_పకోడి | ప్లేనో, టెక్సస్ | అక్టోబర్ 23, ఉదయం 8.15

ఊరుకున్నాం కదండీ. దసరాకి వెదురు విల్లంబులు పట్టుకుని అయ్యవారి వెనకాల ఇల్లిల్లూ తిరిగి పప్పుబెల్లాలు తెచ్చుకున్నది ఎవరు? మా తాతగారు తొంభై ఏళ్ళ వయసులో కూడా ఆ పాట మొత్తం పాడేవారు. పగటివేషాలవాళ్ళు ఊళ్ళోకొస్తే శక్తి వేషం చూసి పిల్లలు మంచం కింద దూరేవాళ్ళు, పెద్దవాళ్ళు చేటలో బియ్యం తెచ్చి పోసేవాళ్ళు. సంక్రాంతికి హరిదాసు వస్తే గుమ్మంలో ఎవరూ లేకపోవడం ఎంత తప్పో మా నాయనమ్మని అడగండి. గుమ్మడి గారు అడుగుతున్నదీ అదే కదా.

నిజం_చేదు | అక్టోబర్ 23, ఉదయం 8.40

హరిదాసు భక్తి గీతాలు పాడతాడు. స్పైడర్‌మ్యాన్ ఏం పాడతాడు?

ఒహాయో_అక్క | కొలంబస్ దగ్గర | అక్టోబర్ 23, ఉదయం 9.10

జోకు చెప్తాడు, అయోవా వెళ్తే. మా చెల్లెలు డెమాయిన్‌లో ఉంటుంది. అక్కడ 1938 నుంచీ ఉన్న ఆనవాయితీ, పిల్లలు ఊరికే చేయి చాపకూడదు, ఒక జోకు చెప్పి క్యాండీ తీసుకోవాలి. అది కూడా చాలా ఏళ్ళు అక్టోబర్ 30నే చేసుకున్నారు. 31 రాత్రి కుర్రాళ్ళు చేసే అల్లరి భరించలేక పిల్లల సరదాని ఒకరోజు ముందుకి జరిపి, ఏదో ఒకటి చేసి చూపించి తీసుకోండి అన్నారట. మా చెల్లెలి కొడుకు ఒకే జోకు మూడేళ్ళుగా చెప్తున్నాడు. వీధిలో అందరికీ నోటికొచ్చేసింది.

పండగ వద్దనుకునేవాళ్ళు లైటు ఆర్పుకుంటే చాలు నిజం గారూ. ఆ సౌకర్యం ఉన్న పండగలు ఎన్ని ఉన్నాయి చెప్పండి.

బే_ఏరియా_బావ | సన్నీవేల్ | అక్టోబర్ 23, మధ్యాహ్నం 1.20

నాదొక ప్రశ్న. మాది అపార్ట్‌మెంట్. ఇద్దరు పిల్లలు. మా బిల్డింగులో తలుపు కొడితే డెలివరీ అనుకుంటారు. అందుకని ఏటా కారేసుకుని పది నిమిషాల దూరంలో ఉన్న సొంతిళ్ళ కాలనీకి తీసుకెళ్తాను. పోయినసారి ఒక పెద్దమనిషి క్యాండీ ఇస్తూ "మీరు ఈ వీధిలోనే ఉంటారా?" అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు. కానీ మా పెద్దది ఇంటికొచ్చేదాకా "మనం అక్కడికి వెళ్ళకూడదా నాన్నా" అంటూనే ఉంది. ఇది తప్పా? ఒప్పా?

అట్లాంటా_నాన్న | కమ్మింగ్, జార్జియా | అక్టోబర్ 23, సాయంత్రం 5.45

బావ గారూ, నేను ఆ రెండో పక్క మనిషిని. మా వీధి డెకరేషన్లకి పేరు పడింది. పన్నెండడుగుల అస్థిపంజరాలు నాలుగిళ్ళ ముందు ఉంటాయి. రాత్రికి నాలుగు వందల మంది పిల్లలు వస్తారు, తలుపు పక్కన కాగితం మీద గీతలు గీస్తూ నేనే లెక్కపెట్టాను. వాళ్ళలో మా కాలనీ వాళ్ళు నూట యాభై మంది ఉంటారేమో. మొదట్లో నాకూ చిరాకే. కాస్ట్‌కోలో నాలుగు పెద్ద బ్యాగులు కొన్నా ఏడున్నరకే ఖాళీ. తర్వాత ఒకసారి పక్క ఊళ్ళో హైవే పక్కన ఉండే అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చిన తల్లి ఒకావిడ "మా దగ్గర ఫుట్‌పాత్ కూడా లేదండీ" అంది. ఆ తర్వాత నోరు మూసుకున్నాను.

కానీ ఒక మాట. కారు డ్రైవ్‌వేకి అడ్డంగా పెట్టకండి, ఇంటింటికీ కారులో కదలకండి. ఒకచోట ఆపి నడవండి. ఆ రాత్రి రోడ్ల మీద పాదచారుల మరణాలు మామూలు సాయంత్రాల కంటే 43 శాతం ఎక్కువని 2019లో పిల్లల వైద్యుల పత్రికలో పరిశోధన వచ్చింది. నల్ల వేషం వేసుకుని కార్ల మధ్యలోంచి ఉరికే పిల్లాణ్ణి ఎవరూ చూడలేరు. ఒక మెరిసే టేపు వీపు మీద అంటించండి చాలు.

మీ వీధా అని అడిగినాయనకి సమాధానం: "కాదండీ, మీ వీధి బాగుందని వచ్చాం." చెప్పి చూడండి, మొహం మారిపోతుంది.

గుమ్మంలో_గుమ్మడి | ఫ్రిస్కో, టెక్సస్ | అక్టోబర్ 23, రాత్రి 8.30

బావ గారూ, నేనూ మూడేళ్ళు ఇర్వింగ్ అపార్ట్‌మెంట్ నుంచి వేరే కాలనీకే తీసుకెళ్ళాను. అప్పుడు తప్పనిపించలేదు, ఇప్పుడూ అనిపించట్లేదు. కాకపోతే సొంతిల్లు వచ్చాక కూడా తీసుకోవడం ఒక్కటే గుర్తుంది నాకు.

అక్కా, బ్యాటరీ దీపం మాట అత్తగారితో అన్నాను. "బ్యాటరీ దీపానికి బ్యాటరీ పుణ్యమే వస్తుంది" అన్నారు.

పల్లీలు_వద్దు | ఎడిసన్, న్యూజెర్సీ | అక్టోబర్ 24, ఉదయం 7.30

సున్నుండల సంగతి ఎవరూ తేల్చలేదు కాబట్టి నేను చెప్తాను. మా అబ్బాయికి పల్లీ అలర్జీ. పల్లీ ఉన్న చేత్తో ముట్టుకున్న చాక్లెట్ తిన్నా పెదాలు వాచిపోతాయి. నాలుగేళ్ళప్పుడు ఒకసారి ఎపిపెన్ (అలర్జీ ఇంజెక్షన్) పొడిచి అంబులెన్సు పిలిచాం.

ఇంట్లో చేసినవి ఎంత ప్రేమతో చేసినా ఇక్కడ పిల్లల చేతిలో పెట్టకూడదు. ఫ్యాక్టరీలో సీలు వేసినవే. మీ అత్తగారి చేతి శుభ్రత మీద అనుమానం కాదండీ, అందులో ఏముందో ఆ పిల్లాడి తల్లికి తెలియదు. ఇచ్చినా ఆ రాత్రే చెత్తబుట్టలో పడుతుంది. మా అమ్మ ఒకసారి ఎవరికీ చెప్పకుండా నువ్వుల ఉండలు పంచింది. మర్నాడు పొద్దున వాకింగ్‌కి వెళ్ళి, పక్క వీధి గడ్డిలో రెండు పడి ఉంటే చూసి వచ్చింది. ఆ రోజంతా మాట్లాడలేదు. పైగా 2023 నుంచి నువ్వులు కూడా అమెరికాలో ప్యాకెట్ మీద తప్పనిసరిగా రాయాల్సిన అలర్జీల జాబితాలో చేరాయి.

మా లాంటి వాళ్ళ కోసం ఒక పద్ధతి ఉంది. గుమ్మడికాయకి నెమలికంఠం రంగు వేసి గుమ్మంలో పెడితే, ఆ ఇంట్లో తినేవి కాకుండా వేరే ఏదో ఉందని అర్థం. స్టిక్కర్లు, పెన్సిళ్ళు, చీకట్లో మెరిసే గాజులు, ఎగిరే బంతులు. టెనెసీలో ఒక తల్లి మొదలుపెడితే 2014లో ఫుడ్ అలర్జీ సంస్థ ఫేర్ దేశమంతటికీ తీసుకెళ్ళింది. మా వాడు ఆ రంగు గుమ్మడికాయ కనపడితే పరిగెత్తుతాడు. పోయినేడు మా ఊళ్ళో అలాంటి ఇళ్ళు మూడే దొరికాయి. వాటిలో ఒకటి మాదే.

క్యాండీ, బొమ్మలూ ఒకే గిన్నెలో కలపకండి, రెండు గిన్నెలు పెట్టండి. చిన్న సైజు చాక్లెట్ల మీద చాలాసార్లు పదార్థాల వివరాలు ఉండవు, పెద్ద బ్యాగు మీదే ఉంటాయి. ఆ బ్యాగు పారేయకుండా పక్కన ఉంచుకుంటే ఏ తల్లయినా అడిగితే చూపించొచ్చు.

గుమ్మంలో_గుమ్మడి | ఫ్రిస్కో, టెక్సస్ | అక్టోబర్ 24, ఉదయం 9.00

గడ్డిలో నువ్వుల ఉండలు... ఇది అత్తగారికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. మినుములు మాత్రం నానబెట్టలేదు.

ఉల్లిపాయ_పకోడి | ప్లేనో, టెక్సస్ | అక్టోబర్ 24, ఉదయం 9.04

సున్నుండలకి మినుములు నానబెట్టరండీ, వేయిస్తారు. ఈ కోడలి వంట మీద నాకు అనుమానం మొదలైంది.

గుమ్మంలో_గుమ్మడి | ఫ్రిస్కో, టెక్సస్ | అక్టోబర్ 24, ఉదయం 9.20

వేయించలేదు అనబోయాను. ఆఫీసు మీటింగులో ఉండి టైపు చేస్తున్నాను, వదిలేయండి.

కార్తీక_వ్రతం | షార్లెట్ | అక్టోబర్ 24, మధ్యాహ్నం 12.10

కార్తీకం చేసే ఇళ్ళకి చిన్న జాగ్రత్త. పిల్లలు తెచ్చుకున్న సంచిలో జెలటిన్ (పశువుల ఎముకలు, తోలు నుంచి తీసేది) ఉన్నవి చాలా ఉంటాయి. గమ్మీ బేర్లు దాదాపు అన్నీ, మార్ష్‌మాలోలు, అమెరికాలో అమ్మే స్టార్‌బర్స్ట్ కూడా. స్కిటిల్స్‌లో లేదు. మా ఇంట్లో ఆ రాత్రి నేల మీద దుప్పటి పరిచి పిల్లలు మూడు కుప్పలు చేస్తారు. తినేవి, నాన్న ఆఫీసుకి పట్టుకెళ్ళేవి, మార్పిడివి. మా ఎనిమిదేళ్ళది రెండు గమ్మీ ప్యాకెట్లకి ఒక కిట్‌క్యాట్ లెక్కన పక్కింటి పిల్లతో బేరం పెడుతుంది.

కానీ గుమ్మం దగ్గర మాత్రం "ఇందులో జెలటిన్ ఉందా?" అని అడగనివ్వను. తీసుకోవాలి, థాంక్యూ చెప్పాలి, ఇంటికొచ్చాక ఏరుకోవాలి.

కాలిఫ్లవర్ | ఆష్‌బర్న్, వర్జీనియా | అక్టోబర్ 24, సాయంత్రం 6.30

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు, ఇక్కడ కక్కేస్తున్నాను.

నేనూ తెలుగే గానీ మా ఆయన తెల్లాయన. పైగా నేను మంత్రగత్తె వేషంలో, ముక్కుకి రబ్బరు ముక్కుతో కూర్చుంటాను. కాబట్టి తలుపు దగ్గరికొచ్చే మనవాళ్ళకి నేను తెలుగని తెలియదు. పోయినేడు ఒక జంట వచ్చారు. పిల్లాడికి మూడేళ్ళుంటాయి, ఏనుగు వేషం, తొండం ఒక పక్కకి జారిపోయింది. గిన్నె చాపాను. వాడు బుద్ధిగా ఒక్కటి తీసుకున్నాడు. వెనక నుంచి తల్లి, నవ్వుమొహం చెదరకుండా, "అది కాదురా, అడుగున పెద్దవి ఉన్నాయి చూడు, చెయ్యి లోపలికి పెట్టు" అంది. తండ్రేమో "చెల్లికి కూడా ఒకటి తియ్యి". చెల్లి స్ట్రోలర్లో నిద్రపోతోంది, దానికి పళ్ళు కూడా రాలేదు.

నేను రబ్బరు ముక్కు సర్దుకుని "అడుగున కూడా అవే ఉన్నాయండీ" అన్నాను. తెలుగులో.

ఆ తల్లి మొహం చూడాలి. పాపం, నాకే జాలేసింది. ఇంకో రెండు ఇచ్చి పంపాను.

ఉల్లిపాయ_పకోడి | ప్లేనో, టెక్సస్ | అక్టోబర్ 24, సాయంత్రం 6.41

చదువుతూ ఆఫీసు క్యాంటీన్‌లో పెద్దగా నవ్వాను. అందరూ చూశారు. ఆ జంట ఈ పేజీ చదువుతూ ఉంటే దయచేసి చెయ్యెత్తండి.

ఏనుగు_తల్లి | అక్టోబర్ 24, రాత్రి 11.55

మేం కాదు, కానీ మేమూ అలాగే అన్నాం వేరే ఇంట్లో. కొత్త ఐడీ తీసుకుని మరీ ఒప్పుకుంటున్నాను. తొండం జారిపోవడం కూడా నిజమే.

ఒహాయో_అక్క | కొలంబస్ దగ్గర | అక్టోబర్ 25, ఉదయం 7.15

గిన్నె చాపితే పిల్లలు అడుక్కి వెతుకుతారు. నేను గిన్నె చాపను. చేత్తో తీసి సంచిలో వేస్తాను. ఎక్కువ మంది వస్తారనుకుంటే ఒక్కటి, ఎనిమిదవుతుండగా గుప్పెడు. ఈ మార్పు చేశాక నాకు ఎవరి మీదా కోపం రావడం మానేసింది.

ఇంట్లో లేనివాళ్ళు గిన్నె బయట పెట్టి "ఒక్కటే తీసుకోండి" అని కాగితం అంటిస్తారు కదా. మూడో జట్టు వచ్చేసరికి గిన్నె ఖాళీ. ఒకసారి గిన్నె కూడా పోయింది. స్టీలు గిన్నె, అడుగున మా అమ్మ పేరు కొట్టించినది. ఇప్పటికీ బాధే.

చిరాకు_చిన్నారావు | హ్యూస్టన్ | అక్టోబర్ 25, మధ్యాహ్నం 2.00

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, మీసాలొచ్చిన కుర్రాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరేం? వేషం లేదు, పాడూ లేదు. హుడీ వేసుకుని దిండు గలేబు చాపుతారు. వాళ్ళకి కూడా ఇవ్వాలా?

అట్లాంటా_నాన్న | కమ్మింగ్, జార్జియా | అక్టోబర్ 25, మధ్యాహ్నం 3.30

ఇవ్వండి. మా వాడికి పదిహేను, ఆరడుగులున్నాడు. పోయినేడు చెల్లెల్ని తీసుకుని తిరిగాడు, ఒకావిడ "నీకు సిగ్గులేదా" అందట. ఆ రాత్రి వాడు ఇంకో చోట ఏ బీరు పార్టీకో వెళ్ళకుండా చెల్లెలి చెయ్యి పట్టుకుని క్యాండీ కోసం తిరుగుతుంటే నాకంటే అదృష్టవంతుడు ఎవడండీ. వర్జీనియాలో చెసపీక్ అనే ఊళ్ళో పన్నెండు దాటినవాళ్ళు ట్రిక్ ఆర్ ట్రీట్‌కి వస్తే జైలని 1970 నుంచి చట్టమే ఉండేది. జనం నవ్వుతుంటే 2019లో వయసు పధ్నాలుగుకి పెంచి జైలు మాట తీసేశారు.

కుర్రాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ముసుగు తీసి మొహం చూపించండి, చిన్నపిల్లల్ని ముందు పోనివ్వండి, లైటు లేని ఇంటి మెట్లు ఎక్కకండి. ఈ చివరిది ఒట్టి మర్యాద కాదు. 1992లో బాటన్ రూజ్‌లో యోషిహిరో హత్తోరి అనే పదహారేళ్ళ జపాన్ విద్యార్థి హాలోవీన్ పార్టీకి వెళ్తూ పొరపాటున వేరే ఇంటి బెల్లు కొట్టాడు. ఇంటాయన కాల్చేశాడు. మా వాడికి ఈ కథ చెప్పాకే బయటికి పంపిస్తాను.

కొండాపూర్_నాలుగో_బ్లాకు | హైదరాబాద్ | అక్టోబర్ 26, ఉదయం 10.20

మీరు అమెరికాలో ఉండి కొట్టుకుంటున్నారు, ఇక్కడ మా గేటెడ్ కమ్యూనిటీలో కూడా ఇదే రచ్చ. మాకు పోర్చ్ లైట్ల పద్ధతి కుదరదు, కారిడార్ లైట్లు అందరివీ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి. అందుకని ఇష్టమున్న ఫ్లాట్లవాళ్ళు తలుపుకి నారింజ కాగితం అంటించాలని గ్రూపులో తేల్చారు. కాగితం లేని తలుపు కొట్టకూడదు. బాగానే ఉందనుకున్నాం. ఇక్కడ వారాంతమని నిన్నే జరిపేశారు. మా ఎదురు ఫ్లాట్ మామ్మగారు కాగితం సంగతి తెలియక, తలుపులు బార్లా తీసుకుని కార్తీక పురాణం చదువుకుంటున్నారు. పుర్రె ముసుగుతో ఒకడు లోపలికి దూరి అరిచాడు. ఆవిడ భయపడలేదు. పుస్తకం మూసి, "ఏ ఫ్లాట్ రా నీది? కూర్చో, అన్నం తిన్నావా?" అంది. వాడే ఏడుపు లంకించుకున్నాడు.

నిజం_చేదు | అక్టోబర్ 26, మధ్యాహ్నం 12.45

మామ్మగారికి నా నమస్కారాలు.

గుమ్మంలో_గుమ్మడి | ఫ్రిస్కో, టెక్సస్ | అక్టోబర్ 30, రాత్రి 10.10

ఇప్పటిదాకా ఖాయమైంది ఇదీ. తొమ్మిది ఇళ్ళవాళ్ళం వాట్సాప్‌లో తేల్చుకున్నాం. మూడు జట్లు, జట్టుకి ఇద్దరు పెద్దవాళ్ళు, మిగతావాళ్ళు ఎవరింట్లో వాళ్ళు. ఇద్దరు కుదరదన్నారు, వాళ్ళు లైట్లు ఆర్పేస్తారు. ఒకాయన "నేను క్యాండీ కొనను, నా లైటు నా ఇష్టం" అని గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.

గుమ్మడికాయ చెక్కబోతే కొత్త తగువు. నేను కత్తి తీసుకోగానే అత్తగారు "ఆడవాళ్ళు గుమ్మడికాయ కొట్టకూడదు, అబ్బాయిని పిలువు" అన్నారు. ఆయన వచ్చి పైన ఒక గాటు పెట్టి ఫోన్ మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. మిగతాది నేనే చెక్కాను. చెక్కాక ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "మన దిష్టి గుమ్మడికాయే కదే. కళ్ళు, కోరలు అన్నీ ఉన్నాయి. ఇంతోటిదానికి దెయ్యాల పండగ అంటారేంటి" అన్నారు. పైగా మేం కొత్తింట్లోకి వచ్చినప్పుడు దిష్టికి ఏమీ కట్టలేదని ఇప్పుడు గుర్తుచేశారు.

గుమ్మంలో_గుమ్మడి | ఫ్రిస్కో, టెక్సస్ | నవంబర్ 1, ఉదయం 9.30

రిపోర్టు.

అత్తగారు పట్టుచీర కట్టుకుని గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చున్నారు. దీపం వెనక తులసి దగ్గర పెట్టారు. గుమ్మంలో బ్యాటరీ దీపం నేను పెడితే చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఒక గిన్నెలో కిట్‌క్యాట్లు, ఇంకో గిన్నెలో స్టిక్కర్లు, బంతులు. నెమలికంఠం రంగు గుమ్మడికాయ కూడా పెట్టాం. దాని కోసం వచ్చింది ఒక్క పిల్లే. వాళ్ళమ్మ మాత్రం వెనక్కి తిరిగొచ్చి మరీ థాంక్యూ చెప్పింది. పల్లీలు_వద్దు గారికి చెప్పాలని గుర్తుపెట్టుకున్నాను.

ఇంగ్లీషు రాకపోయినా ఆవిడకి ఏ ఇబ్బందీ రాలేదు. ప్రతి పిల్లనీ గడ్డం పట్టుకుని చూసి "ఏ వేషమే ఇది?" అని తెలుగులోనే అడిగారు. వాళ్ళు ఇంగ్లీషులో చెప్పారు. ఒక పిల్లాడు యమధర్మరాజు వేషంలో వచ్చాడు, అట్టముక్క గద, నల్ల దారంతో మీసం. మనవాళ్ళ పిల్లాడే, పక్క వీధి. ఆవిడ లేచి నిలబడి "అయ్యా, ఇంకొన్నాళ్ళాగు" అని రెండు కిట్‌క్యాట్లు చేతిలో పెట్టారు.

ఎదురింటి పెద్దావిడ లైటు ఏడింటి దాకా వెలగలేదు. నేను వారం కిందట వాళ్ళ గుమ్మంలో ఒక చీటీ, పూలకుండీ పెట్టి వచ్చాను. దాని గురించి ఆవిడ ఏమీ అనలేదు. ఏడుంపావుకి మనవడితో వచ్చారు. ఈసారి వాడు అగ్నిమాపక సిబ్బంది వేషం. మెట్లెక్కి, బెల్లు నొక్కకుండా నిలబడ్డాడు. తలుపు తీసే ఉంది, అత్తగారు ఎదురుగానే ఉన్నారు, అయినా కాసేపు అలాగే చూశాడు. తర్వాత బెల్లు నొక్కాడు. అత్తగారు "ఉన్నాన్రా, ఎదురుగానే ఉన్నాను కదా" అన్నారు.

వాళ్ళు వెళ్ళాక చూస్తే ఎదురింటి లైటు వెలిగింది. మా మూడో జట్టు అప్పుడు అక్కడికి వెళ్ళారు, ఆరుగురు.

ఒహాయో_అక్క | కొలంబస్ దగ్గర | నవంబర్ 1, ఉదయం 10.05

చీటీలో ఏం రాశారు?

గుమ్మంలో_గుమ్మడి | ఫ్రిస్కో, టెక్సస్ | నవంబర్ 1, ఉదయం 10.12

"పోయినేడాది మీరు వచ్చినప్పుడు మేం ఇంట్లో లేము. ఈసారి ఉంటాం." అంతే.

ఉల్లిపాయ_పకోడి | ప్లేనో, టెక్సస్ | నవంబర్ 1, ఉదయం 11.30

నేను ఈసారి కూడా టాస్ ఓడిపోయాను. అసలు విషయం అది కాదు. చెక్కిన గుమ్మడికాయతో దప్పళం పెట్టొచ్చా? పారేయాలంటే ప్రాణం ఒప్పట్లేదు.

కాలిఫ్లవర్ | ఆష్‌బర్న్, వర్జీనియా | నవంబర్ 1, మధ్యాహ్నం 12.00

పెట్టకండి. చెక్కడానికి అమ్మేవి నీళ్ళగా, పీచుగా ఉంటాయి, తీపి ఉండదు. పైగా రెండు రోజులు బయట పెట్టి, లోపల కొవ్వొత్తి వెలిగించి ఉంటారు. కూరకి చిన్నవి వేరే అమ్ముతారు, పై గుమ్మడికాయలని. మీది ఉడతలకి పెట్టేయండి.

ఉల్లిపాయ_పకోడి | ప్లేనో, టెక్సస్ | నవంబర్ 1, మధ్యాహ్నం 12.20

ఉడతలు రాత్రే ఒక కన్ను తినేశాయి. సరే, రెండోది కూడా వాటికే.